ఆపరేషన్ అయ్యాక పెద్దవాళ్లు మతి తప్పి మాట్లాడితే వయసని వదిలేయకండి!

కే.వి.కుప్పం, లత్తేరి, వడుగంతాంగల్, కావనూరు, గుడియాత్తం చుట్టుపక్కల తెలుగు ఇళ్లకు విన్నపం



మీ ఇంట్లో అరవై దాటిన అవ్వో తాతో ఉన్నారా? వాళ్లకు తుంటి ఎముక విరిగినా, మోకాలు మార్చాల్సి వచ్చినా, గుండెకు బైపాస్ అన్నా, పేగు ఆపరేషన్ అన్నా, ఆస్పత్రికి బయల్దేరకముందే ఈ కాగితం చదవండి. చదువు రాని వాళ్లకు చదివి వినిపించండి. చదివాక పక్కింటికి ఇవ్వండి.

ఆపరేషన్ బాగా అయిందని డాక్టరు చెప్తారు. ఇంట్లోవాళ్లు కాస్త కుదుటపడతారు. మరునాడో ఆ మరునాడో పొద్దుగూకేసరికి పెద్దాయన తీరు మారిపోతుంది. కన్నకొడుకును పట్టుకొని నువ్వెవరని అడుగుతాడు. ఎప్పుడో పోయిన తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తాడు. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు. చేతికున్న సెలైన్ సూది పీకేసుకుంటాడు. ఎద్దులకు నీళ్లు పెట్టాలి, ఇంటికి పోతానని మంచం దిగబోతాడు. తెల్లారేసరికి మామూలుగా మాట్లాడతాడు. సాయంత్రానికి మళ్లీ మొదలు.

అప్పుడు మన ఇళ్లల్లో ఏమంటారో అందరికీ తెలుసు. వయసైపోయింది, అంతే అంటారు. మత్తుమందు తలకెక్కింది అంటారు. ఆస్పత్రిలో గాలి సోకింది అంటారు. బిడ్డలు సిగ్గుతో తలదించుకొని, పక్క మంచం వాళ్లకు క్షమాపణలు చెప్పుకుంటూ, ఇంకాస్త నిద్ర మందు వేయమని నర్సును బతిమాలతారు. కొన్నిచోట్ల చేతులు మంచానికి కట్టేస్తారు. కట్టేసిన కొద్దీ ఆయన ఇంకా గింజుకుంటాడు.

ఇది వయసు కాదు. ఇది జబ్బు. వైద్యులు దీన్ని డెలీరియం అంటారు. ఒంట్లో ఏదో తేడా వచ్చిందని మెదడు చూపించే గుర్తు ఇది. ఆ తేడా ఏమిటో వెతికి సరిచేస్తే చాలామంది కోలుకుంటారు. వెతకకుండా వదిలేస్తే ఆస్పత్రిలో రోజులు పెరుగుతాయి, మంచం మీంచి పడిపోతారు, కుట్లు తెగుతాయి, కొందరి జ్ఞాపకశక్తి మునుపటిలా తిరిగి రాదు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాం.

నిశ్శబ్దంగా ఉన్నవాళ్లను చూడండి

అరిచేవాళ్లను అందరూ చూస్తారు. అంతకంటే ఎక్కువ భయపడాల్సింది అరవని వాళ్ల గురించి. ఆపరేషన్ అయిన అవ్వ పొద్దస్తమానం మగతగా పడి ఉంటుంది, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటుంది, నోట్లో పెట్టిన ముద్ద నమలకుండా అలాగే ఉంచుకుంటుంది, అడిగినదానికి ఒక మాట చెప్పి మధ్యలోనే ఆపేస్తుంది. పాపం అలిసిపోయింది, పడుకోనీ అంటాం. అది కూడా డెలీరియమే. గొడవ చేయదు కాబట్టి వార్డులో ఎవరి కంటా పడదు. అందుకే వైద్యం ఆలస్యమవుతుంది.

ఆ తేడా పట్టగలిగేది మీరే. ఆవిడ మామూలుగా ఎలా మాట్లాడుతుందో, ఎంత చురుకుగా ఉంటుందో రాత్రి డ్యూటీ నర్సుకు తెలియదు. “మా అమ్మ ఇలా ఉండదు, నిన్నటికీ ఇవాళ్టికీ మారిపోయింది” అని మీరు చెప్పే ఒక్క మాట డాక్టరుకు చాలా పనికొస్తుంది. మొహమాటపడకుండా చెప్పండి. ఒకరు వినకపోతే ఇంకొకరికి చెప్పండి.

భయంతో ఆపరేషన్ మానేయకండి

ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్ల మతిలో తేడా రావడం వైద్యలోకానికి కొత్త కాదు. ఆపరేషన్ తర్వాత ముసలివాళ్లు మునుపటిలా లేరని ఇంట్లోవాళ్లు చెప్పుకునే మాటను 1955లో ఇంగ్లండులో బెడ్‌ఫోర్డ్ అనే వైద్యుడు పట్టించుకొని లాన్సెట్ పత్రికలో రాశాడు. 1998లో అదే పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. అరవై దాటి, గుండెది కాని పెద్ద ఆపరేషన్లు చేయించుకున్న 1,218 మందికి ముందూ తర్వాతా జ్ఞాపకం, ధ్యాస పరీక్షించి చూశారు. వారం రోజులకు వందలో దాదాపు 26 మందికి మునుపటి చురుకు లేదు. మూడు నెలలకు ఆ లెక్క వందలో పదికి దిగింది. ఆపరేషన్ లేకుండా అదే వయసులో ఉన్నవాళ్లలో ఆ తగ్గుదల వందలో ముగ్గురికే కనిపించింది.

ఈ లెక్కలో రెండు మాటలున్నాయి, రెండూ గుర్తుపెట్టుకోండి. ఒకటి, ఇది మీ ఒక్క ఇంటి సమస్య కాదు, సిగ్గుపడాల్సిన పని లేదు. రెండు, ఎక్కువమంది నెలల్లో కోలుకుంటారు.

మత్తుమందే దీనికంతటికీ కారణమని, నడుముకు సూది వేసి చేస్తే ఏమీ కాదని మన ఊళ్లల్లో గట్టి నమ్మకం ఉంది. 2021లో అమెరికా, కెనడాల్లో తుంటి ఎముక విరిగిన 1,600 మందిని సగం సగం చేసి, ఒక సగానికి నడుముకు సూది, ఇంకో సగానికి పూర్తి మత్తు ఇచ్చి చూశారు. డెలీరియం రెండు వైపులా దాదాపు ఒకేలా వచ్చింది, అయిదుగురిలో ఒకరికి. మత్తు ఏ రకమన్నది మత్తుమందు డాక్టరు మీ వాళ్ల గుండె, ఊపిరితిత్తులు, వెన్ను చూసి తేలుస్తారు. దాని మీద పట్టు పట్టి గొడవపడకండి.

అసలు కారణాలు చాలావరకు ఆపరేషన్ గది బయటే ఉంటాయి. నొప్పికి చాలినంత మందు లేకపోవడం. నీళ్లు తాగకపోవడం. మూత్రం బిగుసుకుపోవడం, నాలుగు రోజులు విరేచనం కాకపోవడం. ఊపిరితిత్తుల్లోనో మూత్రంలోనో చీము చేరడం. రక్తంలో ఉప్పు తగ్గడం, చక్కెర పడిపోవడం, ఆక్సిజన్ చాలకపోవడం. రాత్రంతా లైట్లు, మిషన్ల చప్పుడు, నిద్ర లేకపోవడం. కళ్లద్దాలు ఇంట్లో మరిచి రావడం. నిద్ర మాత్రలు, కొన్ని అలర్జీ మాత్రలు, జలుబు మాత్రలు. వీటిలో చాలావరకు ఎవరో ఒకరు చూస్తే ఆపగలిగేవే.

ఇంకో మాట. తుంటి ఎముక విరిగిన అవ్వను, ఆపరేషన్ చేయిస్తే మతి పోతుందని, పుత్తూరు నాటువైద్యుల కట్టుకు తీసుకుపోయే కుటుంబాలున్నాయి. పుత్తూరు కట్టు మీద మన వేలూరు, చిత్తూరు జనానికి తరాల నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని మేము ఎగతాళి చేయం. కానీ తుంటి ఎముక వేరు. కట్టు కట్టి వారాల తరబడి మంచాన పడుకోబెడితే వీపు పుండ్లు పడుతుంది, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, నొప్పితో నిద్ర ఉండదు. ఆ మంచం మీదే ఇదే డెలీరియం వస్తుంది. ఆపరేషన్‌కు తట్టుకునే ఒళ్లయితే ఒకటి రెండు రోజుల్లోనే చేయించమని ఎముకల వైద్యులు చెప్పడానికి కారణం అదే. త్వరగా చేయించండి, త్వరగా లేపి కూర్చోబెట్టండి.

ఇంట్లో తెలుగు, వార్డులో తమిళం

ఇది మన ప్రాంతపు తెలుగువాళ్లకు ఉన్న ఇంకో కష్టం. దీన్ని ఇంకెవరూ మన తరఫున చెప్పరు.

మనం బజారులో, బస్సులో, రేషన్ కడ దగ్గర తమిళం మాట్లాడతాం. బడిలో తమిళమే చదివాం. ఇంట్లోకి అడుగుపెట్టాక తెలుగు. ఒంట్లో బాగున్నప్పుడు మన పెద్దవాళ్లు రెండింటి మధ్యా ఏ తడుములాట లేకుండా తిరుగుతారు. జ్వరం, నొప్పి, మందుల మగత కమ్మినప్పుడు మాత్రం చాలామంది చిన్ననాటి మాటకే వెళ్లిపోతారు. వేలూరు వార్డులో నర్సమ్మ తమిళంలో అడుగుతుంది: ఇది ఏ ఊరు, ఇవాళ ఏం వారం, ఏ నెల? అవ్వ తెలుగులో ఏదో అంటుంది. అర్థం కాక, రోగి తికమకగా ఉంది అని కాగితం మీద రాసుకుంటారు. లేదా అటు నుంచి తప్పు జరుగుతుంది: నిజంగానే మతి తప్పిన మనిషి ఊరికే తలూపితే, బాగానే ఉంది అని రాసుకుంటారు. ఇంగ్లీషు నెలల లెక్క తెలియని మనిషిని అక్టోబరా నవంబరా అని అడిగితే ఏం చెప్తుంది? ఆవిడ కాలాన్ని అమావాస్యతో, సంతతో, వైకాసి ఒకటిన గుడియాత్తంలో జరిగే గంగమ్మ శిరసు జాతరతో లెక్కపెట్టుకుంటుంది.

ఈ చిక్కు ఊహ కాదు. వేలూరు వైద్యులు కణియంబాడి ఒన్రియం (బ్లాకు)లో 65 దాటిన వెయ్యి మందిలో మతిమరుపు జబ్బు గురించి అంతర్జాతీయ బృందంతో కలిసి పరిశోధించారు. ఏ కొలబద్దతో కొలిస్తే ఆ లెక్క వచ్చింది, ఒకదానికి ఇంకొకదానికి పొంతన లేదు. చదువుకున్న వాళ్ల కోసం తయారైన ప్రశ్నలు చదువు లేని పల్లె మనుషుల దగ్గర తప్పు చెప్తాయి. రెండో వైపు ఇంట్లోవాళ్లు మతిమరుపును వయసు కిందే కట్టేసి డాక్టరుకు చెప్పరు. వంట కోడలు చేస్తుంది, డబ్బు కొడుకు చూస్తాడు. ముసలామె ఏం మరిచిపోతోందో ఎవరికీ తెలియాల్సిన అవసరమే రాదు. ఆపరేషన్ నాడే అది బయటపడుతుంది. దేశమంతటా చేసిన లెక్కల్లో అరవై దాటిన ప్రతి వంద మందిలో ఏడుగురికి పైగా మతిమరుపు జబ్బు ఉందని 2023లో తేలింది. వాళ్లకే ఆపరేషన్ తర్వాత డెలీరియం వచ్చే ముప్పు అందరికంటే ఎక్కువ.

కాబట్టి వార్డులో ఇంట్లో మాట్లాడే మాట వచ్చిన మనిషి ఒకరు పక్కన ఉండాలి. నర్సు అడిగే ప్రశ్నను అవ్వకు తెలిసిన లెక్కలోకి మార్చి అడగండి. అవ్వ చెప్పింది ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తప్పు చెప్పితే పరువు పోతుందని మీరు దిద్ది చెప్పొద్దు. ఆ తప్పే డాక్టరుకు కావాల్సింది.

ఆపరేషన్‌కు ముందు నోరు విప్పి చెప్పాల్సినవి

డాక్టరు అడగకపోయినా ఇవి చెప్పండి. ఈమధ్య మతిమరుపు ఉందా, దారి తప్పారా, డబ్బులు లెక్కపెట్టడంలో తడబడుతున్నారా. ఇంతకుముందు ఏ జ్వరంలోనైనా, ఏ ఆపరేషన్‌కైనా ఇలా పలవరించారా. చెవులు వినిపిస్తాయా, చూపు ఎంత.

అన్నిటికంటే ముఖ్యం, మన ఇళ్లల్లో దాచిపెట్టేది, తాగుడు. తాత రోజూ సాయంత్రం తాగే మనిషైతే ఆ మాట మత్తుమందు డాక్టరుకు చెప్పాలి. పరువు కోసం దాచొద్దు. రోజూ తాగేవాళ్లకు ఒక్కసారిగా ఆగిపోతే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, లేనివి కనిపించడం, ఫిట్లు వస్తాయి. ప్రాణం మీదికి వస్తుంది. ముందే తెలిస్తే దానికి మందు వేస్తారు. తెలియకపోతే ఆపరేషన్ తేడా అనుకొని వేరే దారిలో వెతుకుతూ విలువైన సమయం పోగొట్టుకుంటారు. పొగాకు నమిలే అవ్వ సంగతీ, బీడీ కాల్చే తాత సంగతీ అంతే, చెప్పండి.

వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కున్న నిద్ర మాత్రలు, దురద మాత్రలు, జలుబు మాత్రలు, నాటు మందులు కూడా. ఏళ్లుగా వేసుకునే నిద్ర మాత్రను మీ అంతట మీరు ఒక్క రోజులో ఆపేయొద్దు, అది కూడా తికమక తెస్తుంది. డాక్టరును అడిగి చేయండి. ఆపరేషన్ రోజు కడుపు ఖాళీగా ఉండమంటారు కదా, ఆ పొద్దున చక్కెర మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది తప్పకుండా అడగండి. ఏమీ తినకుండా చక్కెర మాత్ర వేసుకొని చక్కెర పడిపోయిన మనిషి కూడా మతి తప్పే మాట్లాడతాడు. మంచినీళ్లు ఎన్ని గంటల దాకా తాగొచ్చో కూడా అడగండి. చాలామందికి ఆపరేషన్‌కు రెండు గంటల ముందు దాకా నీళ్లు ఇవ్వొచ్చని ఇప్పటి పద్ధతి చెప్తోంది. మన ఇళ్లల్లో ముందురోజు రాత్రి నుంచే చుక్క నీళ్లు ఇవ్వకుండా ఎండబెడతారు. ముసలి ఒళ్లు ఆ దాహాన్ని తట్టుకోదు.

ప్రభుత్వ ఆస్పత్రి అయినా, డబ్బు కట్టే ఆస్పత్రి అయినా ఈ ఒక్క ప్రశ్న అడగండి: “మా పెద్దాయనకు ఆపరేషన్ తర్వాత మతి తప్పే ముప్పు ఎంత ఉంది? రాకుండా మీరు ఏం చేస్తారు, మేము ఏం చేయాలి?” అడిగిన కుటుంబాన్ని డాక్టర్లు గుర్తుపెట్టుకుంటారు.

మంచం పక్కన కూర్చున్న మనిషే మందు

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన షారన్ ఇనౌయే అనే వైద్యురాలు ఆస్పత్రిలో చేరిన డెబ్బై దాటిన 852 మందితో ఒక పని చేసి చూసింది. అందులో ఖరీదైన మందు ఏదీ లేదు. రోజూ ఎవరో ఒకరు వచ్చి పేరు పెట్టి పలకరించడం, ఊరు, రోజు గుర్తుచేయడం, నడిపించడం, కళ్లద్దాలు, చెవి మిషను పెట్టడం, నీళ్లు తాగించడం, రాత్రి మందు లేకుండా నిద్ర పట్టేలా చూడటం. అంతే. మామూలు వార్డులో వందకు 15 మందికి డెలీరియం వస్తే, ఈ పనులు జరిగిన వార్డులో దాదాపు పది మందికే వచ్చింది. 1999లో ఆ ఫలితం అచ్చయింది. తుంటి ఎముక విరిగిన వాళ్లలో ఆపరేషన్ చుట్టూ వృద్ధుల వైద్య నిపుణుణ్ణి రోజూ చూడమంటే, సగం మందికి రావాల్సిన డెలీరియం మూడో వంతు మందికి తగ్గిందని 2001లో ఇంకో పరిశోధన చెప్పింది.

అక్కడ జీతమిచ్చో స్వచ్ఛందంగానో మనుషుల్ని పెట్టుకొని చేయించిన పనిని మన దగ్గర కొడుకో కోడలో మనవరాలో చేయగలరు. వేలూరు ఆస్పత్రుల వరండాల్లో చాపలు పరుచుకొని కూర్చునేది మనమే కదా. కూర్చున్నంత సేపు ఏం చేయాలో తెలిస్తే చాలు.

పొద్దున కళ్లు తెరవగానే పేరు పెట్టి పిలవండి. ఇది ఫలానా ఆస్పత్రి, నిన్న కాలికి ఆపరేషన్ అయింది, నేను నీ కొడుకుని, సాయంత్రం చెల్లెలు వస్తుంది అని తెలుగులో నెమ్మదిగా చెప్పండి. అదే మాట మధ్యాహ్నం, మళ్లీ రాత్రి. కళ్లద్దాలు తుడిచి పెట్టండి, కట్టుడు పళ్లు పెట్టండి, చెవి మిషను పెట్టండి. కిటికీ ఉంటే తెర తీసి పగటి వెలుగు చూపించండి. డాక్టరు ఒప్పుకున్న వెంటనే లేపి కూర్చోబెట్టండి, నాలుగడుగులు నడిపించండి. నీళ్లు కొద్దికొద్దిగా అందిస్తూ ఉండండి. మూత్రం వచ్చిందా, విరేచనం అయిందా అన్నది రోజూ కనుక్కొని నర్సుకు చెప్పండి. మూత్రం గొట్టం ఇంకా అవసరమా అని అడగండి. నొప్పి ఉంటే దాచుకోవద్దని చెప్పండి. నొప్పి మందు ఎక్కువైతే మతి పోతుందని భయపడి అస్సలు వద్దనకండి, నొప్పి కూడా మతి తప్పిస్తుంది. రాత్రి పది దాటాక సెల్‌ఫోన్లో సీరియల్ ఆపేయండి, పరామర్శకు వచ్చిన వాళ్లను పంపేయండి. ఇరవై మంది ఒక్కసారి మంచం చుట్టూ చేరి ఏడవడం కంటే, తెలిసిన ఒకే ముఖం రోజంతా కనిపించడం మేలు.

లేనివి కనిపిస్తున్నాయంటే వాదించకండి. పురుగులేవీ లేవు, నీకు పిచ్చిపట్టిందా అని అరవకండి. నేనున్నాను, భయం లేదు అని చేయి పట్టుకోండి. కట్టేస్తామంటే, నేను పక్కనే కూర్చొని చూసుకుంటాను, వద్దు అని చెప్పండి. తాయెత్తు కట్టించుకోవడం, విభూది పెట్టించుకోవడం మీ ఇష్టం. కానీ అదే గంటలో డాక్టరుకు చెప్పండి, రక్తం, మూత్రం, చక్కెర, ఆక్సిజన్ చూడమని అడగండి.

కంటి ఆపరేషన్ చిన్నదే. అయినా కట్టు కట్టాక రాత్రి చీకట్లో కొందరు పెద్దవాళ్లు తికమకపడతారు. ఆ రాత్రి ఒంటరిగా పడుకోబెట్టకండి.

ఇంటికి వచ్చాక మూడు నెలలు

డిశ్చార్జి అయ్యాక కూడా కొందరికి పూర్తి చురుకు రాదు. మాట్లాడతారు, తింటారు, నడుస్తారు, కానీ మాత్రలు కలిపేస్తారు, పొయ్యి మీద పాలు మరిచిపోతారు, చెప్పిందే చెప్తారు. గుండె ఆపరేషన్ అయిన 225 మందిని ఏడాది పాటు గమనించి 2012లో అచ్చయిన పరిశోధనలో, డెలీరియం వచ్చిన వాళ్లలో నూటికి 40 మంది ఆరు నెలలకు కూడా మునుపటి స్థాయికి చేరలేదు. రాని వాళ్లలో ఆ లెక్క 24. కాబట్టి డెలీరియం వచ్చిపోయిన మనిషిని ఇంకాస్త ఎక్కువ కాలం కనిపెట్టి ఉండాలి.

మాత్రలు, ముఖ్యంగా చక్కెర సూది, రక్తం పలచబరిచే మాత్ర, ఇంకొకరు చూసి ఇవ్వాలి. బండి నడపనివ్వొద్దు. రోజూ కాస్త నడక, పలకరింపు, ఇంట్లో వాళ్లకు అలవాటైన చిన్న పని అప్పగించండి. మూడు నెలలకు కూడా తేడా ఉంటే మళ్లీ డాక్టరుకు చూపించండి. విటమిన్ బి12, థైరాయిడ్ లాంటివి కూడా వాళ్లు చూస్తారు.

ఇంకొకటి కుండబద్దలు కొట్టినట్టు చెప్తున్నాం. ఆ మూడు నెలల్లో ఏ పత్రం మీదా వాళ్ల వేలిముద్ర, సంతకం తీసుకోకండి. పొలం రాతకోతలు, బ్యాంకు డబ్బు, నగల తాకట్టు, ఇంటి పంపకం, అన్నీ ఆగనివ్వండి. ఆపరేషన్ ఖర్చు కోసం అప్పు తీర్చాలని, మనిషి ఉండగానే అన్నీ తేల్చేయాలని తొందరపెట్టే బంధువులు ఎప్పుడూ ఉంటారు. మతి కుదురుగా లేని రోజుల్లో పెట్టించిన వేలిముద్ర మోసమే, కొడుకు పెట్టించినా సరే. మనిషి తేరుకున్నాక తెలిసి పెట్టేదే సంతకం.

మనం అడగాల్సినవి

మనది వైద్యం తెలియని ప్రాంతం కాదు. ఐడా స్కడర్ 1900లో వేలూరులో ఒక మంచంతో మొదలుపెట్టిన ఆస్పత్రి ఇవాళ సి.ఎం.సి. అదే సి.ఎం.సి. 1977లో మన కే.వి.కుప్పం ఒన్రియం కోసం రూసా అనే పల్లె ఆరోగ్య విభాగాన్ని మొదలుపెట్టింది. పల్లెల్లో పెద్దవాళ్లు పగలు వచ్చి కూర్చొని తిని కబుర్లు చెప్పుకునే కేంద్రాలు కూడా రూసా నడుపుతోంది. అడుక్కంపారైలో ప్రభుత్వ వైద్యకళాశాల ఆస్పత్రి ఉంది. గుడియాత్తంలో ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. మక్కళై తేడి మరుత్తువం అనే ప్రభుత్వ పథకం కింద బీపీ, చక్కెర మాత్రలు ఇంటికే తెచ్చి ఇచ్చే అక్కలున్నారు. వృద్ధుల వైద్యం అన్నది మన దేశంలో వేళ్లూనుకుంది మద్రాసు నుంచే, డాక్టర్ వి.ఎస్.నటరాజన్ 1978లో అక్కడి జనరల్ ఆస్పత్రిలో ముసలివాళ్ల కోసం ప్రత్యేకంగా ఓపీ పెట్టారు. ఇంత ఉండి, ఆపరేషన్ వార్డులో ఒక ముసలి మనిషికి రోజు గుర్తుచేసే క్యాలెండర్ గోడ మీద లేకపోతే అది అడగకపోవడం వల్లే.

అందుకే ఆస్పత్రుల వారిని చేతులు జోడించి, కానీ గట్టిగా అడుగుదాం. 65 దాటిన వాళ్లకు ఆపరేషన్ ముందు బీపీ, చక్కెర చూసినట్టే జ్ఞాపకం కూడా చూడాలి, అది వాళ్ల మాటలో చూడాలి. డెలీరియం ముప్పు ఉన్న రోగి పక్కన రాత్రీ పగలూ ఒక మనిషి ఉండేలా పాస్ ఇవ్వాలి, వీలైనచోట ఐసియులో కూడా కాసేపు. వార్డులో పెద్ద గడియారం, పెద్ద అక్షరాల క్యాలెండర్ ఉండాలి. రాత్రి అవసరం లేని లైట్లు ఆర్పాలి. డిశ్చార్జి చీటీలో డెలీరియం వచ్చిందా లేదా అన్నది రాయాలి, లేకపోతే తర్వాత చూసే డాక్టరుకు తెలిసే దారే లేదు.

ఊళ్లో మనం చేయాల్సింది కూడా ఉంది. మాత్రలు తెచ్చే అక్కకు మీ ఇంట్లో ఎవరికి మతిమరుపు ఉందో చెప్పండి. రూసా కేంద్రానికి వచ్చే పెద్దవాళ్ల దగ్గర ఈ కాగితం చదవండి. అగ్గిపెట్టెల కంపెనీలో, బీడీల దగ్గర, మగ్గాల దగ్గర పనికి పోయే ఆడవాళ్లే రాత్రి ఆస్పత్రిలో కూర్చునేది. ముందు వాళ్లకు ఈ విషయం చేరాలి. ఒక్కరి మీదే భారం వేయకుండా ముగ్గురు నలుగురు వంతులు వేసుకోండి. మగవాళ్లు డబ్బు కట్టి బయట కూర్చుంటే చాలదు, రాత్రి వంతు వాళ్లదీ. ఊళ్లో ఎవరైనా ఒంటరి ముసలివాళ్లకు ఆపరేషన్ అయితే వీధి అంతా కలిసి వంతులు వేసుకోవాలి.

పెద్దవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన 14567 నంబరుకు ఫోన్ చేయొచ్చు. ఇంట్లో ఉండగా ఒక్కసారిగా మతి తప్పినా, మాట తడబడినా, ఒక పక్క చేయి పడిపోయినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2న మన పంచాయతీల్లో గ్రామసభ జరుగుతుంది. వచ్చే గ్రామసభకు ఈ కాగితం పట్టుకొని రండి. మన ఒన్రియంలో ఆపరేషన్‌కు వెళ్లే ప్రతి పెద్ద మనిషికీ ముందుగా జ్ఞాపకం పరీక్ష చేయించాలని, పక్కన ఒక మనిషిని ఉండనివ్వాలని తీర్మానం పెట్టమని లేచి అడగండి. తమిళంలో అడగండి, తెలుగులో అడగండి, కానీ అడగండి.